రాత్రి రోడ్డు, డ్రైవర్ కన్ను, డ్రైవర్ నిద్ర

(రోడ్డు భద్రతా మాసంలో సూర్యాపేటలో బస్సు, లారీ డ్రైవర్లు, బండ్ల యజమానులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో యజమానులు, అధికారులు కూర్చున్నారు. డ్రైవర్లు వెనక నిలబడి ఉన్నారు. వచ్చి కూర్చోండన్నా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

ఇలాంటి సభల్లో ఏటా మీకు చెప్పే మాటలు నాకు తెలుసు. నెమ్మదిగా నడపండి, తాగి నడపకండి, ఇంట్లో మీ కోసం ఎదురుచూస్తుంటారు. అన్నీ నిజాలే. కానీ ఏళ్ళ తరబడి స్టీరింగ్ పట్టిన మనిషికి తన భార్యాపిల్లలు ఎదురుచూస్తారని బయటివాళ్ళు వచ్చి చెప్పక్కర్లేదు. నాకు వేరే ప్రశ్న ముఖ్యం. జాగ్రత్తగా నడిపే డ్రైవర్ కూడా ఎందుకు గుద్దుతాడు? కళ్ళు తెరిచి రోడ్డునే చూస్తున్నవాడికి ఎదురుగా వస్తున్న బైకు ఎందుకు కనపడదు? నిద్ర ముంచుకొస్తోందని తెలిసి కూడా బండి ఎందుకు ఆపడు? ప్రమాదం కాగానే డ్రైవర్ నిర్లక్ష్యం అని కేసు రాస్తాం, అక్కడితో అందరం చేతులు దులుపుకుంటాం. ఆ ప్రశ్నలు అలాగే ఉండిపోతాయి. నెల తిరక్కుండా అదే చోట ఇంకో ప్రమాదం జరుగుతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. రోజుకు 460 మంది పైమాటే. అందులో నూటికి 44 మంది టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్ళు. మీ క్యాబిన్‌లోంచి చూస్తే బండ్లన్నిటిలోకీ చిన్నగా కనిపించేది ఆ టూవీలరే. అందుకని కంటి దగ్గర మొదలుపెడతాను.

అందరూ రెండు చేతులూ ముందుకు చాచండి. ఓనర్లు కూడా. బొటనవేళ్ళు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ ఉండండి. చూపు దాని మీద నుంచి తప్పకూడదు. ఇప్పుడు కుడి చేతిని మెల్లగా కుడి పక్కకు జరపండి. మెల్లగా... జానెడు జరిగేలోపు కుడి బొటనవేలి కొస మాయమవుతుంది. పోయిందా? పోనివాళ్ళు ఇంకాస్త అటూ ఇటూ జరిపి చూడండి. అదీ, పోయింది.

కంటి వెనక తెర మీద, నరం బయటికి వెళ్ళే చోట చూపు ఉండదు. ప్రతి మనిషికీ, ప్రతి కంటికీ ఇది ఉంటుంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది కాబట్టి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. నేను మీకు చూపించాలనుకున్నది ఇంకొకటి. వేలు మాయమైన చోట మీకు నల్లటి మచ్చ కనిపించిందా? లేదు. వెనకున్న గోడే కనిపించింది, ముందు కూర్చున్నాయన చొక్కాయే కనిపించింది. ఖాళీ వచ్చిన చోట మెదడు తనంతట తాను చుట్టుపక్కల ఉన్నదాంతో నింపేసింది. నింపానని మీకు చెప్పలేదు. కాబట్టి “నాకు అంతా కనిపిస్తోంది” అనే నమ్మకం ఒకటి, నిజంగా కనిపించడం ఒకటి.

ఇంకొకటి ఇంటికెళ్ళాక చేయండి. అద్దం ముందు దగ్గరగా నిలబడి, అద్దంలో మీ ఎడమ కన్ను చూడండి, వెంటనే కుడి కన్ను చూడండి. అటూ ఇటూ మార్చి మార్చి చూడండి. మీ కళ్ళు కదలడం మీకు కనిపించదు. పక్కన మీ అబ్బాయిని నిలబెట్టి అడిగితే కదులుతున్నాయని చెబుతాడు. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎగిరేటప్పుడు ఆ కొద్ది క్షణం మెదడు చూడటం ఆపేస్తుంది. లేకపోతే లోకమంతా గిర్రున తిరిగినట్టుంటుంది. ఇది దేవుడిచ్చిన ఏర్పాటే. కానీ మనిషి నడకకు సరిపోయే ఏర్పాటు, గంటకు 80 కిలోమీటర్ల బండికి సరిపోయేది కాదు.

ఇప్పుడు హైవే మీద ఊరి క్రాసింగ్ దగ్గర మలుపు తిప్పుతున్నామనుకోండి. కుడివైపు ఒక్క చూపు, ఎడమవైపు ఒక్క చూపు, గేరు వేశాం. ఆ ఒక్క చూపులో తల తిరిగినంత మేరా మనం చూశామనుకుంటాం. నిజానికి చూపు రెండు మూడు చోట్ల ఆగి, మిగతా మేర దూకేసింది. బాగా స్పష్టంగా కనిపించే భాగం కూడా ఎంతో తెలుసా? చాచిన చేతి బొటనవేలి గోరంత. మిగతాదంతా మసకే, కదలిక పసిగట్టడానికి మాత్రమే పనికొస్తుంది. దూరాన వస్తున్న బైకు ఆ దూకిన జాగాలో ఉంటే, లేదా ముందు అద్దం పక్కనుండే పిల్లర్ వెనక ఉంటే, అది కనపడనే కనపడదు. మీరు మలుపు తిప్పేకొద్దీ వాడు కూడా ముందుకొస్తూ అదే పిల్లర్ వెనకే ఉండిపోవచ్చు. తర్వాత పోలీసుల ముందు డ్రైవర్ ఒట్టేసి చెబుతాడు: “చూశాను సార్, రోడ్డు ఖాళీగా ఉంది, ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో తెలీదు.” అతను అబద్ధం చెప్పడం లేదు.

కాబట్టి చేయాల్సింది చిన్న పని. కుడివైపు చూసేటప్పుడు చూపు జార్చకుండా మూడు చోట్ల ఆపండి: దూరం, మధ్య, దగ్గర. సీట్లోంచి ఒంటిని ముందుకు వంచి పిల్లర్ వెనక చూడండి. మళ్ళీ ఇంకోసారి చూడండి. రెండు సెకన్ల పని.

పరిమాణం కూడా కంటిని మోసం చేస్తుంది. చిన్న వస్తువు ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు, రావడానికి ఇంకా టైమున్నట్టు అనిపిస్తుంది. అదే వేగంతో లారీ వస్తే ఆగేవాళ్ళం బైకు వస్తే ముందుకు తోసేస్తాం. పెద్ద వస్తువుది ఇంకో చిక్కు. ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా వస్తున్నట్టుంటుంది. రైలు సరిగ్గా అలాగే కనిపిస్తుంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. ఆ పిల్లల్ని ఈ రాష్ట్రంలో ఎవరూ మరిచిపోలేదు. అది కాపలా లేని గేటు. కాపలా లేని గేటంటే, రైలు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అన్న లెక్క డ్రైవర్ కంటికి వదిలేయడమే. ఆ లెక్కలో మనిషి కన్ను బలహీనం. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లు తీసేశారు. డ్రైవర్లకు ఎన్ని క్లాసులు చెప్పినా రాని ఫలితం దాంతో వచ్చింది. నేనీ రోజు చెప్పదలచుకున్నది ఇదే. మనిషి కన్ను మారదు, నిద్ర మారదు. బండి మార్చొచ్చు, రోడ్డు మార్చొచ్చు, టైమింగ్ మార్చొచ్చు, బత్తా లెక్క మార్చొచ్చు.

ఇప్పుడు రాత్రికి వద్దాం. 80 వేగంలో ఉన్న బండి ప్రమాదాన్ని గుర్తించి, బ్రేకు తొక్కి, పూర్తిగా ఆగడానికి కనీసం 120 మీటర్ల మేర రోడ్డు కనిపించాలని, మన రోడ్లకు కొలతలు, ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క కట్టింది. రోడ్డు మలుపులు ఆ లెక్కతోనే కడతారు. ఇంజినీర్లు ఇక్కడే ఉన్నారు, వాళ్ళకిది తెలుసు. డిమ్ లైట్ వెలుగు అందులో సగం దూరం కూడా సరిగ్గా చేరదు. అంటే రాత్రి 80లో డిమ్ లైట్‌తో వెళ్తున్నప్పుడు, మీ లైట్లో కనిపించిన వస్తువు ముందు ఆగడం మీ చేతిలో ఉండదు. అక్కడ ఏమీ ఉండదన్న నమ్మకంతో వెళ్తున్నాం. రోజూ ఏమీ ఉండదు కాబట్టి నమ్మకం ముదిరిపోతుంది.

కానీ మన రోడ్ల మీద ఏముంటుందో మీకంటే ఎవరికి తెలుసు? పంట చేతికొచ్చే రోజుల్లో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. సాయంత్రం కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు, గాలికి లేవకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల టార్పాలిన్. రైతుకు కళ్ళం లేదు, కొనుగోలు కేంద్రంలో చోటు లేదు, అతని బాధ అతనిది. రాత్రి పదింటికి టూవీలర్ మీద ఇంటికెళ్ళే కుర్రాడికి ఆ రాళ్ళు చక్రం కిందికి వచ్చాకే తెలుస్తాయి. కుప్ప చుట్టూ రెండు మూడు పాత సీడీలు కట్టిన కర్రలు నిలబెట్టినా లైటు పడి మెరుస్తాయి. కొన్ని ఊళ్ళలో అలా కట్టడం నేను చూశాను.

లారీ వాళ్ళతో ఒక మాట. బండి చెడిపోతే వెనక చెట్టు కొమ్మలు, బండరాళ్ళు పెడతారు. రిపేరు అయ్యాక బండి తీసుకుని వెళ్ళిపోతారు, రాళ్ళు అక్కడే ఉంటాయి. కొమ్మకు వెలుగు లేదు, రాయికి వెలుగు లేదు. రేడియం త్రికోణం ఒకటి క్యాబిన్‌లో పెట్టుకుని బండికి బాగా వెనకగా నిలబెట్టండి. బండి వెనక రేడియం స్టిక్కర్ మీద పేరుకున్న మట్టిని ట్రిప్పు మొదలయ్యేటప్పుడు తడిగుడ్డతో తుడవండి. మట్టి కప్పిన రేడియం మెరవదు. ట్రాక్టర్ ట్రాలీల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు, వెనక లైటున్న ట్రాలీ కనపడటమే అరుదు.

వయసు గురించి కూడా చెప్పాలి. అరవై ఏళ్ళ మనిషి కంటి తెరకు చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కుర్రాడి కంటికి చేరేదాంట్లో మూడో వంతే ఉంటుంది. ఎదురు బండి హైబీమ్ కొట్టాక చూపు తేరుకోవడానికీ ఎక్కువసేపు పడుతుంది. ఇది నలభై దాటినప్పటి నుంచే మొదలవుతుంది. అనుభవం పెరుగుతుంది, నిజమే. రాత్రి చూపు మాత్రం తగ్గుతుంది.

ఇక నిద్ర. దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష చేశారు. వరసగా మెలకువగా ఉన్నవాళ్ళ చురుకుదనాన్ని మద్యం తాగినవాళ్ళ చురుకుదనంతో పోల్చారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చెయ్యీ కన్నూ, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషివాటిలా పనిచేశాయి. మన చట్టం ఎంతకు ఒప్పుకుంటుంది? 30 మిల్లీగ్రాములకు.

ఇది మన డ్రైవర్ రోజుకు పెట్టి చూడండి. పొద్దున్న ఆరింటికి లేచాడు. పిల్లల్ని బడిలో దింపాడు, కరెంటు బిల్లు కట్టాడు, మధ్యాహ్నం చుట్టాలొస్తే పడుకోలేదు. రాత్రి 11 గంటలకు హైదరాబాద్‌లో బస్సెక్కాడు. సీట్లో కూర్చునే సరికే 17 గంటలు నిండాయి. ఇంకా ఒక్క కిలోమీటరు కూడా నడపలేదు. చుక్క మందు ముట్టలేదు, పోలీసాయన పైపు పెట్టి ఊదమంటే సున్నా వస్తుంది. అతను సూర్యాపేట దాటేసరికి రాత్రి రెండవుతుంది. అక్కడి నుంచి తెల్లారి ఆరింటిదాకా ఒంట్లోని గడియారం నిద్రను గట్టిగా కోరే వేళ. ఆ వేళకు విజయవాడ రోడ్డు ఖాళీగా, తిన్నగా, చల్లగా ఉంటుంది. నిద్రకు ఇంతకంటే ఏం కావాలి?

కునుకంటే తల వాలిపోవడమే అనుకోకండి. మూడు నాలుగు సెకన్లు మెదడు ఆగిపోతుంది, ఒక్కోసారి కళ్ళు తెరిచే ఉంటాయి. 80 వేగంలో నాలుగు సెకన్లంటే 90 మీటర్లు. ఆ మేర బస్సును ఎవరూ నడపడం లేదు. నిద్ర ఎప్పుడు పడుతుందో ముందుగా కనిపెట్టగలనని ప్రతి డ్రైవరూ అంటాడు. కనిపెట్టలేరు. కానీ గుర్తులుంటాయి. కొర్లపహాడ్ టోల్ దాటామా లేదా అన్నది గుర్తు రావడం లేదంటే అది గుర్తు. డివైడర్ వైపు లాగుతుంటే ఉలిక్కిపడి సరిచేసుకున్నారంటే అది గట్టి గుర్తు. ముందు బండి వెనక లైట్లనే తదేకంగా చూస్తున్నారంటే కూడా.

అప్పుడేం చేయాలి? కిటికీ దించడం, పాటలు పెంచడం, మొహం కడగడం, ఖైనీ... వీటితో కాసేపు లేచినట్టుంటుంది, అంతే. ఇంగ్లండ్‌లో లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్ళు నిద్రమత్తులో ఉన్న డ్రైవర్లను సిమ్యులేటర్ మీద కూర్చోబెట్టి ఇవన్నీ పరీక్షించారు. నిజంగా పనిచేసింది కాఫీ, చిన్న కునుకు, రెండూ కలిపితే మరీ మేలు. ముందు స్ట్రాంగ్ టీయో కాఫీయో తాగండి, వెంటనే సీటు వెనక్కి వాల్చి 15 నిమిషాలు పడుకోండి. టీ ఒంటికి పట్టడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, మీరు లేచిన కాసేపటికి అది పని మొదలుపెడుతుంది. 20 నిమిషాలు దాటనివ్వకండి, అలారం పెట్టుకోండి. గంట పడుకుంటే లేచాక మత్తుగా ఉంటుంది, అలాంటప్పుడు కాసేపు నడిచాకే స్టీరింగ్ పట్టండి. ఇది గంటో రెండు గంటలో మిమ్మల్ని నిలబెడుతుంది. పోయిన రాత్రి నిద్రను మాత్రం తిరిగివ్వదు.

ఇప్పుడు యజమానుల వైపు తిరుగుతాను. డ్రైవర్ 20 నిమిషాలు బండి ఆపితే ఏమవుతుందో మీకు తెలుసు. ప్యాసింజర్లు తలుపు బాదుతారు. ఆఫీసు నుంచి జీపీఎస్ చూసి ఫోన్ వస్తుంది, “ఎందుకు ఆగింది?” అని. లేటైతే బత్తాలో కోత. అంటే నిద్ర ఆపుకుంటే డబ్బు, ఆపుకోకపోతే కోత. ఇలా పెట్టాక బండి ఆపమని బోర్డులు రాసి లాభం లేదు. ఆ 20 నిమిషాలు టైమింగులోనే వేయండి, టికెట్ మీద చేరే టైము 20 నిమిషాలు జరిపి రాయండి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది, వరసగా 5 గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి అంది. అరవై ఏళ్ళ కిందటే చెప్పిన మాట. సెకండ్ డ్రైవర్ ఉన్నాడని మీరు అంటారు. ఉన్నాడు. ఎక్కడ పడుకుంటున్నాడు? కొన్ని బస్సుల్లో కింద డిక్కీలో, సామాన్ల పక్కన. కింద టైర్ల మోత, ఇంజన్ వేడి, దుమ్ము. తెల్లారి మూడింటికి అక్కడి నుంచి లేపి స్టీరింగ్ ఇస్తే అతను నిద్రపోయిన మనిషి లెక్కలోకి రాడు. దయచేసి మీ బస్సు డిక్కీలో ఒక్క రాత్రి మీరు పడుకుని చూడండి. ఇది కోపంతో అనడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

వేగం గురించి క్లుప్తంగా. రెండు బండ్లు పక్కపక్కన వెళ్తున్నాయి, ఒకటి 60లో, ఇంకోటి 80లో. ముందు ఒక మనిషి అడ్డం వచ్చాడు. ఇద్దరికీ తేరుకోవడానికి ఒకటిన్నర సెకను పట్టింది, ఇద్దరూ ఒకే రకంగా బ్రేకు తొక్కారు. 60లో ఉన్నది ఎక్కడ పూర్తిగా ఆగిందో, అదే చోట 80లో ఉన్నది ఇంకా 60 పైనే వేగంతో ఉంటుంది. కావాలంటే కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. 80కి బదులు 100లో వెళ్తే 40 కిలోమీటర్లకు మిగిలేది ఆరు నిమిషాలు. అవి కూడా తర్వాతి టోల్ దగ్గర లైన్లో పోతాయి. పైగా వేగం ఒంటికి అలవాటవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో అరగంట వచ్చిన కారు పెద్ద అంబర్‌పేట దగ్గర దిగాక, 80లో ఉన్నా పాకుతున్నట్టే అనిపిస్తుంది. అందుకని పెద్ద రోడ్డు దిగగానే ఒంటి మాట నమ్మకండి, మీటరు చూడండి.

ఫోన్ గురించి డ్రైవర్లకు అందరూ చెబుతారు, నేను ఇళ్ళలో ఉండేవాళ్ళకు చెబుతాను. చెవిలో పెట్టుకున్నా, బ్లూటూత్‌లో మాట్లాడినా మెదడు మాటలోనే ఉంటుంది, కన్ను రోడ్డు మీదున్నా చూసింది లోపలికి ఎక్కదు. పక్క సీట్లో ఉన్న మనిషి ఎదురుగా లారీ వస్తే మాట ఆపుతాడు. ఫోన్లో ఉన్న మనిషికి ఆ లారీ కనపడదు, మాట్లాడుతూనే ఉంటాడు. హెల్మెట్‌లోకి ఫోన్ దూర్చి, మెడ వంచి మాట్లాడుతూ వెళ్ళే కుర్రాళ్ళను రోజూ చూస్తున్నాం. అవతల ఉన్నది అమ్మో, నాన్నో, స్నేహితుడో. “బండి మీదున్నావా? దిగాక చెయ్యి” అని వాళ్ళే పెట్టేయాలి. హెల్మెట్ కూడా పోలీసులు కనిపించాక అద్దం మీంచి తీసి నెత్తిన పెడితే, బెల్టు బిగించకపోతే, పడగానే అది ముందు ఎగిరిపోతుంది. 2022లో హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029.

ఇంజినీర్లకు ఒక్క మనవి. రాంగ్ రూట్ వచ్చేవాళ్ళను మనం తిడతాం. ఊరి ఎదురుగా డివైడర్ మూసి, యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల పెడితే, లీటరు పెట్రోలు చూసుకుని బతికే మనిషి రాంగ్ రూట్‌లోనే వస్తాడు. ఇది ముందే తెలిసిన సంగతి. స్వీడన్ పార్లమెంటు 1997లో ఒక విధానం ఒప్పుకుంది: మనిషి తప్పు చేస్తాడు, ఆ తప్పుకు ప్రాణం పోకుండా రోడ్డు కట్టాల్సింది కట్టేవాళ్ళే. మనకు స్వీడన్ డబ్బు లేదు. కానీ ఊరి దగ్గర వేగం తగ్గేలా చేయడానికి, రోడ్డు అంచున చక్రం ఎక్కగానే గరగరమని లేపే గీతలు వేయడానికి అంత డబ్బు అక్కర్లేదు.

నేను మాట్లాడటం ఆపి మీ ప్రశ్నలు వింటాను. ఆ వెనకాయన అడగండన్నా... ఎదురు బండి హైబీమ్ దించకపోతే ఏం చేయాలని. మీరు కూడా హైబీమ్ కొట్టకండి, కనపడనివాళ్ళు ఒకరికి బదులు ఇద్దరవుతారు. ఒక్కసారి డిప్పర్ కొట్టి వదిలేయండి. చూపు ఎదురు లైటు మీద పెట్టకుండా రోడ్డు ఎడమ అంచున తెల్ల గీత మీద పెట్టండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. బండి దాటిపోయాక కూడా నాలుగైదు సెకన్లు వేగం పెంచకండి, చూపు ఇంకా తేరుకోలేదు. ముందు అద్దం లోపలివైపు కూడా తుడుస్తూ ఉండండి, లోపల పట్టిన మసి లైటును అద్దమంతా పరిచేస్తుంది.

మీరు చెయ్యెత్తారు, ఓనర్ గారు... రెండో డ్రైవర్ జీతం గిట్టుబాటు కాదంటున్నారు. ఒప్పుకుంటాను, చిన్న ఓనర్‌కు కష్టమే. ఇద్దరు ముగ్గురు ఓనర్లు కలిసి ఇక్కడ సూర్యాపేటలోనే ఒక గది తీసుకుని, నాలుగు మంచాలు, ఫ్యాన్లు వేసి, డ్రైవర్లను ఇక్కడ మార్చుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చినవాడు ఇక్కడ దిగి పడుకుంటాడు, పడుకున్నవాడు విజయవాడకు తీసుకెళ్తాడు. దారి సగంలో ఉన్న ఊరు మీది. దీనికి అయ్యే ఖర్చు లెక్క మీరు వేయండి, నేనూ కూర్చుంటాను.

బయట కంటి పరీక్షలు చేస్తున్నారు. నలభై దాటినవాళ్ళు తప్పకుండా చూపించుకోండి. లైను పెద్దదిగా ఉంది, కాబట్టి ఈ రాత్రి డ్యూటీ ఉన్నవాళ్ళను ముందు పంపించండి. వాళ్ళు ఇంటికెళ్ళి పడుకోవాలి.